కుబర్నెటీస్ క్లస్టర్‌పై జాంగో, పోస్ట్‌గ్రెస్ అప్లికేషన్‌ను నిలబెట్టడం ఎలా

ఇక్కడ ఉదాహరణగా తీసుకుంటున్నది ఒక గ్రంథాలయ పుస్తకాల జాబితా అప్లికేషన్. అది పైథాన్‌లో, జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌తో రాసినది. దాని సమాచారమంతా పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ (క్లుప్తంగా పోస్ట్‌గ్రెస్) డేటాబేస్‌లో ఉంటుంది, పుస్తకాల పేర్లూ రచయితల పేర్లూ తెలుగులోనే నమోదవుతాయి. మీ అప్లికేషన్ మరో భాషలో, మరో ఫ్రేమ్‌వర్క్‌తో రాసినదైనా దశల వరుస మారదు, సెట్టింగుల పేర్లు మాత్రమే మారతాయి.

మొదలుపెట్టే ముందు ఒక విషయం స్పష్టంగా ఉండాలి. కుబర్నెటీస్ అంటే అప్లికేషన్లను కంటైనర్లుగా కట్టి, క్లస్టర్ అనే సర్వర్ల సమూహంపై నడిపే వ్యవస్థ. అందులో కంటైనర్లను నడిపే అతి చిన్న ఘటకాన్ని పాడ్ అనీ, క్లస్టర్‌లోని ఒక్కో యంత్రాన్ని నోడ్ అనీ అంటారు. కుబర్నెటీస్ ఏ పాడ్‌నైనా ఏ క్షణంలోనైనా తీసివేసి మరో నోడ్‌పై కొత్తదాన్ని పుట్టించగలదు. వెబ్ అప్లికేషన్ పాడ్‌కు దానివల్ల నష్టమేమీ లేదు, కానీ డేటాబేస్ విషయంలో పాడ్ పోయినా దాని వెనుకనున్న డిస్కు పోకూడదు. ఈ పనిలో ఎదురయ్యే చిక్కుల్లో చాలావరకు ఈ రెండింటి మధ్య గీత సరిగా గీయకపోవడం వల్ల వచ్చేవే. అందుకే కింది ప్రతి దశలోనూ ఏది పోయినా ఫరవాలేదు, ఏది పోకూడదు అన్న ప్రశ్న వేసుకుంటూ ముందుకు సాగండి.

నేర్చుకోవడానికైతే మీ లాప్‌టాప్‌పై మినీక్యూబ్ గానీ కైండ్ గానీ (సొంత యంత్రంపై చిన్న క్లస్టర్‌ను నడిపే సాధనాలు) సరిపోతుంది. ఒకటి రెండు చిన్న సర్వర్లపై నిజంగా నడపాలనుకుంటే కే3ఎస్ అనే చిన్నపాటి కుబర్నెటీస్ తేలికైన మార్గం. వీటితోపాటు కూబ్‌సీటీఎల్ అనే ఆదేశ సాధనమూ, ఇమేజ్‌లను (కంటైనర్లను పుట్టించే ప్యాకేజీలను) ఉంచడానికి రిజిస్ట్రీ అనే నిల్వ స్థలం కూడా ఉండాలి.

1. డేటాబేస్ ఎక్కడ ఉండాలో ముందుగా నిర్ణయించండి

మీరు వాడుతున్న క్లౌడ్ సంస్థ పోస్ట్‌గ్రెస్‌ను నిర్వహణ సేవగా ఇస్తుంటే, ఖర్చు భరించగలిగితే, దాన్నే తీసుకోండి. బ్యాకప్, వెర్షన్ మార్పు, స్టాండ్‌బై సర్వర్ వంటి బాధ్యతలు మీ నెత్తిన పడవు. అప్పుడు క్లస్టర్‌లో నడిచేది అప్లికేషన్ ఒక్కటే కాబట్టి నాలుగో దశలో తెలుగు సమాచారం గురించిన భాగం తప్ప మిగతాది మీకు అక్కరలేదు.

సొంత సర్వర్లపై నడుపుతున్నవారికీ, ఖర్చు తగ్గించుకోవాలనుకునేవారికీ క్లస్టర్‌లోపలే డేటాబేస్ పెట్టడం సబబైన ఎంపికే. ఒక నోడ్ పడిపోయినా మరొకటి వెంటనే ప్రధాన స్థానం తీసుకోవాలంటే క్లౌడ్‌నేటివ్‌పీజీ వంటి ఆపరేటర్‌ను (డేటాబేస్ నిర్వహణను తానే చూసుకునే ప్రోగ్రామును) వాడండి, ఆ ఏర్పాటును మీరే చేత్తో రాసే ప్రయత్నం చేయకండి. కొన్ని నిమిషాల అంతరాయాన్ని తట్టుకోగల చిన్న అప్లికేషన్‌కు ఒకే పాడ్ ఉన్న స్టేట్‌ఫుల్‌సెట్ (దీన్ని నాలుగో దశలో చూద్దాం) చాలు. ఈ వ్యాసంలో చూపేది ఆ పద్ధతే.

2. అప్లికేషన్ ఇమేజ్‌ను తయారు చేయండి

పైథాన్ అధికారిక ఇమేజ్‌లలో స్లిమ్ అనే రకాన్ని ఆధారంగా తీసుకోండి. ఆల్పైన్ రకం ఇంకా చిన్నదే గానీ, అందులో ఉండే సీ లైబ్రరీ వేరు కావడం వల్ల కొన్ని పైథాన్ ప్యాకేజీలను మొదటి నుంచీ కంపైల్ చేయవలసి వస్తుంది, పొదుపు చేసిన మెగాబైట్ల కన్నా పోగొట్టుకున్న సమయమే ఎక్కువవుతుంది. రూట్ కాని ఒక వాడుకరిని సృష్టించి, అప్లికేషన్ ఆ వాడుకరి పేరుతోనే నడిచేలా చూడండి. స్టాటిక్ ఫైళ్లను పోగుచేసే ఆదేశాన్ని ఇమేజ్ తయారీలోనే నడిపి, వాటిని వైట్‌నాయిజ్ అనే పైథాన్ లైబ్రరీ ద్వారా అందించండి.

జాంగో అప్లికేషన్‌ను నడిపే గూనికార్న్ అనే వెబ్ సర్వర్‌ను ప్రారంభించే తీరుపై కొంత శ్రద్ధ అవసరం. పాడ్‌ను ఆపదలచినప్పుడు కుబర్నెటీస్ కంటైనర్‌లోని మొదటి ప్రాసెస్‌కు సిగ్‌టర్మ్ అనే సంకేతం పంపుతుంది. ఆ మొదటి ప్రాసెస్ ఒక షెల్ స్క్రిప్టు అయితే సంకేతం గూనికార్న్ దాకా చేరదు, దాంతో గడువు ముగిశాక బలవంతంగా చంపవలసి వస్తుంది, అప్పటికి సగంలో ఉన్న అభ్యర్థనలు తెగిపోతాయి. షెల్ స్క్రిప్టు తప్పనిసరైతే దాని చివరి వరుసను ఎగ్జెక్ అనే మాటతో మొదలుపెట్టండి, అప్పుడు షెల్ స్థానంలోకి గూనికార్నే వస్తుంది.

ఇమేజ్‌కు లేటెస్ట్ అనే ట్యాగ్ పెట్టకండి. ఆ ట్యాగ్‌తో ఇప్పుడు ఏ కోడ్ నడుస్తున్నదో చెప్పలేరు, వెనక్కి వెళ్లవలసి వచ్చినప్పుడు వెళ్లడానికి చోటూ ఉండదు. గిట్ కమిట్ గుర్తును గానీ వెర్షన్ అంకెను గానీ ట్యాగ్‌గా వాడండి. ఆపిల్ సిలికాన్ చిప్ ఉన్న మ్యాక్‌పై ఇమేజ్ తయారు చేస్తే అది ఆర్మ్ రకానికి చెందినదవుతుంది. సర్వర్లు ఇంటెల్ లేదా ఏఎమ్‌డీ రకమైతే కంటైనర్ మొదలవుతూనే ఎగ్జెక్ ఫార్మాట్ ఎర్రర్ అనే సందేశంతో ఆగిపోతుంది. తయారు చేసేటప్పుడే లక్ష్య ప్లాట్‌ఫారమ్‌ను పేర్కొంటే ఈ ఇబ్బంది రాదు.

పుస్తకాల ముఖచిత్రాల వంటి ఫైళ్లను వాడుకరులు అప్‌లోడ్ చేసే వీలు మీ అప్లికేషన్‌లో ఉంటే, వాటిని పాడ్ లోపలి డిస్కుపై ఉంచకండి. పాడ్‌తోపాటే అవి కూడా మాయమవుతాయి, పైగా ఒక పాడ్‌కు వచ్చిన చిత్రం రెండో పాడ్‌కు కనిపించదు. ఎస్3 తరహా ఆబ్జెక్ట్ స్టోరేజ్‌కు మళ్లించండి.

3. నేమ్‌స్పేస్, రహస్య సమాచారం

అప్లికేషన్‌కు ప్రత్యేకంగా ఒక నేమ్‌స్పేస్ (క్లస్టర్‌లో విడిగా కేటాయించిన విభాగం) సృష్టించండి. ఇక్కడ దాన్ని గ్రంథాలయం అని పిలుద్దాం. అయితే క్లస్టర్‌లో నేమ్‌స్పేస్‌ల, సర్వీసుల (పాడ్‌లకు స్థిరమైన చిరునామా ఇచ్చే వస్తువుల) పేర్లకు చిన్న ఇంగ్లీషు అక్షరాలు, అంకెలు, అడ్డగీత మాత్రమే చెల్లుతాయి కాబట్టి అక్కడ తెలుగు లిపి పనికిరాదు.

డేటాబేస్ సంకేతపదమూ, జాంగో సంతకాలకు వాడే సీక్రెట్ కీ అనే సెట్టింగూ కుబర్నెటీస్‌లోని సీక్రెట్ అనే వస్తువులోకి వెళ్లాలి. డీబగ్ స్థితి, అనుమతించిన హోస్టుల జాబితా వంటివి రహస్యం కాని సెట్టింగులు ఉంచే కాన్ఫిగ్‌మ్యాప్‌లోకి వెళ్లాలి. సీక్రెట్ కీ అన్ని పాడ్‌లకూ ఒకటే ఉండాలి. ప్రతి పాడ్ ప్రారంభంలో కొత్త కీ పుట్టించుకునేలా కోడ్ ఉంటే, ఒక పాడ్ సంతకం చేసిన సెషన్‌ను మరో పాడ్ అంగీకరించదు, వాడుకరులు కారణం తెలియకుండా పదే పదే లాగవుట్ అవుతుంటారు.

సీక్రెట్‌లోని విలువలు బేస్64 రూపంలో కనిపిస్తాయి. అది గుప్తీకరణ కాదు, చదివే అనుమతి ఉన్న ఎవరైనా ఒక్క ఆదేశంతో అసలు విలువను తెలుసుకోగలరు. కాబట్టి ఆ ఫైలును గిట్‌లో పెట్టకండి. పెట్టక తప్పదనుకుంటే రహస్యాలను గుప్తీకరించే సాప్స్ గానీ సీల్డ్ సీక్రెట్స్ గానీ వాడండి. మీరే ఎకో ఆదేశంతో బేస్64లోకి మారిస్తే, సంకేతపదం చివర కంటికి కనిపించని కొత్త వరుస గుర్తు ఒకటి చేరుతుంది, ఆ తరువాత సంకేతపదం సరిగానే ఉన్నట్లు కనిపిస్తున్నా లాగిన్ మాత్రం విఫలమవుతూనే ఉంటుంది. మానిఫెస్ట్‌లో (వస్తువును వివరించే ఫైలులో) డేటాకు బదులు స్ట్రింగ్‌డేటా అనే విభాగంలో మామూలు పాఠంగా రాస్తే మార్పిడి పని క్లస్టరే చేసుకుంటుంది.

4. పోస్ట్‌గ్రెస్‌ను స్టేట్‌ఫుల్‌సెట్‌గా నిలబెట్టండి

స్టేట్‌ఫుల్‌సెట్ పాడ్‌కు స్థిరమైన పేరునూ, దానికే చెందిన డిస్కునూ ఇస్తుంది. పేరు పోస్ట్‌గ్రెస్ అని పెడితే పాడ్ పేరు పోస్ట్‌గ్రెస్-0 అవుతుంది. ఆ పాడ్ ఎన్నిసార్లు పోయి మళ్లీ వచ్చినా అదే పేరుతో వచ్చి అదే వాల్యూమ్‌ను (నిల్వ డిస్కును) తగిలించుకుంటుంది. రెప్లికాల (ఒకే రకం పాడ్‌ల) సంఖ్య 1గానే ఉంచండి. దాన్ని 3 చేసినంత మాత్రాన ప్రతిరూపాలు ఏర్పడవు, ఒకదానితో ఒకటి సంబంధం లేని మూడు వేర్వేరు డేటాబేస్‌లు మాత్రమే ఏర్పడతాయి.

వాల్యూమ్‌ను ఏ డైరెక్టరీకి తగిలించాలన్నది ఇమేజ్ వెర్షన్‌ను బట్టి ఉంటుంది. 17 వరకు అధికారిక ఇమేజ్ డేటాను పోస్ట్‌గ్రెస్‌క్యూఎల్ డైరెక్టరీ కింద డేటా అనే చోట ఉంచుతుంది. 18 నుంచి ఆ అమరిక మారింది, వెర్షన్ అంకె ఉన్న ఉపడైరెక్టరీ వచ్చింది, వాల్యూమ్‌ను దాని పై స్థాయిలో తగిలించాలి. పాత మానిఫెస్ట్‌ను అలాగే నకలు చేసి ఇమేజ్ అంకెను మాత్రం 18కి మార్చడం ప్రమాదకరం. ఇక 17, అంతకు ముందు వెర్షన్లలో, కొత్తగా ఫార్మాట్ చేసిన డిస్కుపై లాస్ట్ అండ్ ఫౌండ్ అనే డైరెక్టరీ ఉంటే, డైరెక్టరీ ఖాళీగా లేదంటూ పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌ను సృష్టించడానికి నిరాకరిస్తుంది. పీజీడేటా అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌లో ఒక లోపలి డైరెక్టరీని పేర్కొంటే సరిపోతుంది.

డిస్కు ఏ జోన్‌లో (క్లౌడ్ సంస్థ డేటా సెంటర్ విభాగంలో) సృష్టించబడిందో పాడ్ కూడా ఆ జోన్‌లోని నోడ్‌పైనే నడవాలి. క్లౌడ్‌లోని బ్లాక్ డిస్కులు సాధారణంగా ఒక జోన్ దాటవు. స్టోరేజ్‌క్లాస్‌లో (డిస్కులు ఎలా పుట్టాలో చెప్పే వస్తువులో) బైండింగ్ విధానాన్ని వెయిట్ ఫర్ ఫస్ట్ కన్స్యూమర్‌గా పెట్టండి, అప్పుడు పాడ్ ఏ నోడ్‌కు కేటాయించబడిందో చూశాకే డిస్కు పుడుతుంది. అదే స్టోరేజ్‌క్లాస్‌లో రీక్లెయిమ్ విధానాన్ని కూడా చూడండి. మీరు ఏమీ చెప్పకపోతే అది డిలీట్ అవుతుంది, అంటే వాల్యూమ్ కోరిక వస్తువును (పర్సిస్టెంట్ వాల్యూమ్ క్లెయిమ్‌ను) ఎవరైనా తొలగిస్తే అసలు డిస్కు కూడా పోతుంది. డేటాబేస్‌కు రిటైన్ పెట్టండి. స్టేట్‌ఫుల్‌సెట్‌ను తొలగించినా మామూలుగా వాల్యూమ్ అలాగే మిగులుతుంది, కానీ నేమ్‌స్పేస్‌నే తొలగిస్తే అందులోని కోరిక వస్తువు కూడా పోతుందని గుర్తుంచుకోండి.

కే3ఎస్‌లో ముందే అమర్చి వచ్చే లోకల్ పాత్ స్టోరేజ్ ఆ నోడ్ సొంత డిస్కుపైనే డేటా ఉంచుతుంది. ఆ నోడ్ చెడిపోతే డేటా కూడా దానితోనే పోతుంది, బ్యాకప్ తప్ప మరో దిక్కు ఉండదు.

సంకేతపదాన్ని పోస్ట్‌గ్రెస్ ఇమేజ్ మొదటిసారి డేటా డైరెక్టరీని సృష్టించేటప్పుడు మాత్రమే చదువుతుంది. తరువాత సీక్రెట్‌లో మార్చినా డేటాబేస్ లోపల పాతదే ఉంటుంది. మార్చాలంటే డేటాబేస్‌లో ఆల్టర్ రోల్ ఆదేశం ఇచ్చి, సీక్రెట్‌ను సవరించి, అప్లికేషన్ పాడ్‌లను మళ్లీ ప్రారంభించాలి, ఎందుకంటే ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లు నడుస్తున్న పాడ్‌లో వాటంతట అవి మారవు.

మరో రెండు చిన్న సంగతులు ఉన్నాయి. కంటైనర్‌కు సాధారణంగా లభించే షేర్డ్ మెమరీ 64 మెగాబైట్లే. పెద్ద క్వెరీలను పోస్ట్‌గ్రెస్ సమాంతరంగా నడిపినప్పుడు అది చాలక లోపం రావచ్చు. మెమరీపై ఆధారపడే ఎంప్టీడిర్ వాల్యూమ్‌ను ఆ స్థానంలో తగిలించండి. పాడ్‌ను ఆపే గడువు మామూలుగా 30 సెకన్లు ఉంటుంది, డేటాబేస్‌కు దాన్ని పెంచి 60కి గానీ 120కి గానీ పెట్టండి.

తెలుగు సమాచారం ఉన్నవారు ఇక్కడ కాస్త ఆగాలి. డేటాబేస్ ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అయి ఉండాలి. అందులో తెలుగు యూనికోడ్ గుర్తు ఒక్కొక్కటి 3 బైట్లు తీసుకుంటుంది, అయితే పోస్ట్‌గ్రెస్ వార్‌క్యార్ (పాఠం నిల్వ చేసే నిలువు వరుస రకం) పరిమితిని బైట్లలో కాక గుర్తుల సంఖ్యలో లెక్కిస్తుంది. ఒత్తులూ గుణింతపు గుర్తులూ విడివిడిగా లెక్కకు వస్తాయి కాబట్టి, కంటికి మూడక్షరాలుగా కనిపించే మాట లెక్కలో ఏడెనిమిది కావచ్చు. పేర్ల నిలువు వరుసలకు పరిమితిని ఉదారంగా పెట్టండి. అకారాది క్రమం సరిగా రావాలంటే కొలేషన్‌గా, అంటే అక్షర క్రమ నియమాలుగా, ఐసీయూ అనే యూనికోడ్ లైబ్రరీ నియమాలను ఎంచుకోండి. సీ లైబ్రరీ కొలేషన్‌పై ఆధారపడితే మరో ప్రమాదం ఉంది: ఇమేజ్ ఆధారమైన డెబియన్ వెర్షన్ మారినప్పుడు క్రమం నియమాలు మారి, పాత ఇండెక్సులు తప్పుడు ఫలితాలు ఇవ్వవచ్చు. 2018లో వచ్చిన గ్లిబ్‌సీ (లైనక్స్ సీ లైబ్రరీ) 2.28తో ఎన్నో చోట్ల జరిగింది ఇదే. పోస్ట్‌గ్రెస్ లాగ్‌లో కొలేషన్ వెర్షన్ సరిపోలలేదన్న హెచ్చరిక కనిపిస్తే ఇండెక్సులను తిరిగి నిర్మించండి. కాబట్టి ఇమేజ్ ట్యాగ్‌లో పోస్ట్‌గ్రెస్ అంకెతోపాటు డెబియన్ పేరు కూడా పేర్కొనడం మంచిది.

ఈ పాడ్ ముందు హెడ్‌లెస్ సర్వీస్ (సొంత ఐపీ చిరునామా లేకుండా, పేరుతో నేరుగా పాడ్‌కే చేర్చేది) ఒకటి పెట్టి, 5432 పోర్టును తెరవండి. క్లస్టర్ బయటికి దీన్ని తెరవవలసిన అవసరం లేదు, తెరవకూడదు కూడా.

5. మైగ్రేషన్లను విడి జాబ్‌గా నడపండి

డేటాబేస్ పట్టికల నిర్మాణంలో చేసే మార్పులను జాంగోలో మైగ్రేషన్లు అంటారు. అప్లికేషన్ ప్రారంభమయ్యే స్క్రిప్టులోనే వాటిని నడిపే మైగ్రేట్ ఆదేశం పెట్టడం చాలామందికి అలవాటు. పాడ్ ఒకటే ఉన్నంతకాలం అది నడుస్తుంది. మూడు పాడ్‌లు ఒకేసారి లేచినప్పుడు మూడూ ఒకే పట్టికను మార్చడానికి పోటీపడతాయి. జాబ్ అనే వస్తువుగా ఒకే పాడ్‌లో మైగ్రేషన్‌ను నడిపి, అది విజయవంతంగా ముగిశాకే అప్లికేషన్‌ను మార్చండి. జాబ్ విఫలమైతే కుబర్నెటీస్ మామూలుగా 6 సార్ల వరకు మళ్లీ ప్రయత్నిస్తుంది. మైగ్రేషన్‌కు అంత పట్టుదల అక్కరలేదు, ఆ పరిమితిని 0కో 1కో తగ్గించి, లోపాన్ని మీరే చూడండి.

పాడ్‌లు ఒక్కొక్కటిగా మారేటప్పుడు కొంతసేపు పాత కోడ్, కొత్త కోడ్ రెండూ ఒకే డేటాబేస్‌తో మాట్లాడతాయి. అందువల్ల ఒక నిలువు వరుస పేరును ఒకే విడుదలలో మార్చకూడదు. ముందు కొత్త వరుసను ఖాళీ విలువకు అనుమతితో చేర్చండి, తరువాతి విడుదలలో కోడ్ రెండింటిలోనూ రాసేలా చేసి పాత సమాచారాన్ని నకలు చేయండి, పాత వరుసను ఎవరూ చదవడం లేదని తేలాక మరో విడుదలలో తొలగించండి. ఇది విసుగు పుట్టించే పద్ధతే, కానీ వెనక్కి వెళ్లగల దారిని తెరిచి ఉంచేది ఇదొక్కటే.

6. అప్లికేషన్‌ను డిప్లాయ్‌మెంట్‌గా పెట్టండి

రెండు లేదా మూడు రెప్లికాలతో డిప్లాయ్‌మెంట్ (ఒకే రకం పాడ్‌లను కోరిన సంఖ్యలో నడిపే వస్తువు) రాసి, సీక్రెట్‌నూ కాన్ఫిగ్‌మ్యాప్‌నూ ఎన్విరాన్‌మెంట్ వేరియబుళ్లుగా ఇవ్వండి. డేటాబేస్ హోస్ట్‌గా సర్వీస్ పేరు ఒక్కటే చాలు, ఒకే నేమ్‌స్పేస్‌లో ఉన్నందున పూర్తి చిరునామా అక్కరలేదు. ఇక్కడ తరచుగా తల తినే చిక్కు ఒకటుంది. సర్వీస్‌కు పోస్ట్‌గ్రెస్ అని పేరు పెడితే, ఆ తరువాత పుట్టే పాడ్‌లలోకి కుబర్నెటీస్ తనంతట తానే పోస్ట్‌గ్రెస్ పోర్ట్ అనే వేరియబుల్‌ను పంపవచ్చు. దాని విలువ 5432 అనే అంకె కాదు, టీసీపీ అని మొదలయ్యే పూర్తి చిరునామా. మీ సెట్టింగుల ఫైలు అదే పేరు గల వేరియబుల్‌ను పోర్టు అంకెగా చదువుతుంటే అప్లికేషన్ అక్కడే కూలిపోతుంది. పాడ్ వివరణలో ఎనేబుల్ సర్వీస్ లింక్స్‌ను ఫాల్స్ చేయండి, లేదా సర్వీస్‌కు వేరే పేరు పెట్టండి. పైన చెప్పిన హెడ్‌లెస్ సర్వీస్‌కు ఈ వేరియబుళ్లు రావు. అయితే కనెక్ట్ కావడానికి వీలుగా మామూలు సర్వీస్‌ను కూడా పెట్టేవారు ఎక్కువ కాబట్టి ఈ హెచ్చరిక అవసరం.

పాడ్ బాగుందా అని కుబర్నెటీస్ చేసే పరీక్షలను ప్రోబ్‌లు అంటారు: లైవ్‌నెస్ విఫలమైతే కంటైనర్ రీస్టార్ట్ అవుతుంది, రెడీనెస్ విఫలమైతే పాడ్‌కు అభ్యర్థనలు రావు. వీటి విషయంలో నా అభిప్రాయం స్పష్టంగా చెబుతాను. లైవ్‌నెస్ ప్రోబ్ ఎట్టి పరిస్థితిలోనూ డేటాబేస్‌ను తాకకూడదు. డేటాబేస్ ఒక నిమిషం అందకపోతే అప్లికేషన్ పాడ్‌లన్నీ ఒకేసారి రీస్టార్ట్ అవుతాయి, డేటాబేస్ తిరిగి లేచే సరికి అవన్నీ కలిసి దాని మీద పడతాయి. రెడీనెస్ ప్రోబ్ డేటాబేస్‌ను పరీక్షించవచ్చునని వాదించేవారున్నారు, కానీ అప్పుడు పాడ్‌లన్నీ ఒకేసారి సర్వీస్ నుంచి తప్పుకొని, మీరు చూపదలచిన మర్యాదైన సందేశానికి బదులు వాడుకరికి ఇంగ్రెస్ (బయటి అభ్యర్థనలను లోపలికి పంపే ద్వారం) ఇచ్చే 503 పేజీ కనిపిస్తుంది. రెండింటికీ డేటాబేస్ ప్రసక్తి లేని చిన్న చిరునామా ఒకటి చాలు. ప్రోబ్ అభ్యర్థన పాడ్ ఐపీ చిరునామాను హోస్ట్‌గా పంపుతుంది, జాంగో అనుమతించిన హోస్టుల జాబితాలో అది లేకపోతే 400 జవాబు వస్తుంది. ప్రోబ్ వివరణలోనే హోస్ట్ హెడర్‌ను మీ డొమైన్ పేరుతో పేర్కొనండి.

మెమరీకి రిక్వెస్ట్ (కనీస కేటాయింపు), లిమిట్ (గరిష్ఠ పరిమితి) రెండూ పెట్టండి. లిమిట్ దాటిన కంటైనర్‌ను కెర్నల్ చంపుతుంది, పాడ్ వివరాలలో ఓఓఎమ్ కిల్డ్ అనీ, నిష్క్రమణ కోడ్ 137 అనీ కనిపిస్తుంది.

కనెక్షన్ల లెక్కను కాగితం మీద వేసుకోండి. పోస్ట్‌గ్రెస్‌లో గరిష్ఠ కనెక్షన్ల సంఖ్య మామూలుగా 100. 3 పాడ్‌లు, ఒక్కొక్కదానిలో 4 గూనికార్న్ వర్కర్లు, ఒక్కొక్క వర్కర్‌కు 4 థ్రెడ్లు ఉంటే 48 కనెక్షన్ల దాకా పట్టవచ్చు. విడుదల సమయంలో పాత, కొత్త పాడ్‌లు కలిసి నడుస్తాయి కాబట్టి ఇంకా పెరుగుతుంది. పాడ్‌లను 8కి పెంచితే 128, పరిమితి దాటినట్లే. అప్పుడు పోస్ట్‌గ్రెస్ పరిమితిని పెంచుతూ పోవడం కన్నా మధ్యలో కనెక్షన్లను పంచిపెట్టే పీజీబౌన్సర్ పెట్టడం మేలు. దాన్ని ట్రాన్సాక్షన్ విధానంలో నడిపితే జాంగోలో సర్వర్ వైపు కర్సర్లను ఆపివేసే సెట్టింగును ట్రూ చేయడం మరచిపోకండి.

పాడ్‌ను ఆపేటప్పుడు దాన్ని సర్వీస్ జాబితా నుంచి తీసివేయడమూ, సిగ్‌టర్మ్ పంపడమూ సమాంతరంగా జరుగుతాయి. జాబితా మారేలోగా కొన్ని అభ్యర్థనలు ఆగిపోతున్న పాడ్‌కే చేరి విఫలమవుతాయి. ప్రీస్టాప్‌లో (పాడ్ ఆగే ముందు నడిచే ఆదేశంలో) ఐదు పది సెకన్ల విరామం పెడితే ఈ నష్టం తప్పుతుంది.

7. బయటి ప్రపంచానికి తెరవండి

అప్లికేషన్ ముందు మామూలు సర్వీస్, దాని ముందు ఇంగ్రెస్ పెట్టండి. కే3ఎస్‌లో ట్రేఫిక్ (Traefik) అనే ఇంగ్రెస్ సాధనం ముందే ఉంటుంది. ధృవపత్రాలను చూసుకునే సర్ట్ మేనేజర్‌ను అమర్చి లెట్స్ ఎన్‌క్రిప్ట్ ఇచ్చే టీఎల్‌ఎస్ (హెచ్‌టీటీపీఎస్ గుప్తీకరణ) ధృవపత్రాన్ని తీసుకుంటే పునరుద్ధరణ దానంతట అదే జరుగుతుంది. టీఎల్‌ఎస్ ఇంగ్రెస్ దగ్గరే ముగుస్తుంది కాబట్టి జాంగోకు అసలు అభ్యర్థన హెచ్‌టీటీపీఎస్ ద్వారా వచ్చిందని ప్రాక్సీ హెడర్ సెట్టింగు ద్వారా తెలపాలి, లేదంటే దారి మళ్లింపులు అంతులేకుండా తిరుగుతాయి. సీఎస్‌ఆర్‌ఎఫ్ (నకిలీ అభ్యర్థనల నుంచి రక్షణ) నమ్మకమైన మూలాల జాబితాలో మీ డొమైన్‌ను చేర్చండి.

8. ఏదైనా నిలబడకపోతే

కూబ్‌సీటీఎల్ గెట్ పాడ్స్‌తో మొదలుపెట్టండి. ఇమేజ్ పుల్ బ్యాకాఫ్ కనిపిస్తే ట్యాగ్ తప్పో, రిజిస్ట్రీ అనుమతి లేకపోవడమో కారణం. పెండింగ్‌లో ఉండిపోతే డిస్క్రైబ్ ఆదేశం చివరనున్న సంఘటనలను చదవండి, డిస్కు దొరకలేదా, మెమరీ చాలలేదా అన్నది అక్కడే రాసి ఉంటుంది. క్రాష్ లూప్ బ్యాకాఫ్ అయితే లాగ్స్ ఆదేశానికి ప్రీవియస్ అనే ఎంపిక జోడించండి, లేకపోతే ఇప్పుడే లేచిన కంటైనర్ ఖాళీ లాగ్ కనిపించి అసలు కారణం దాగిపోతుంది. మళ్లీ ప్రయత్నాల మధ్య విరామం 10 సెకన్లతో మొదలై రెట్టింపవుతూ 5 నిమిషాల దాకా వెళ్తుంది కాబట్టి, సరిచేశాక వేచి ఉండకుండా పాడ్‌ను తొలగిస్తే కొత్తది వెంటనే వస్తుంది.

కొత్త విడుదలలో లోపం బయటపడితే రోలవుట్ అన్‌డూ పాత ఇమేజ్‌ను తిరిగి తెస్తుంది. డేటాబేస్ మైగ్రేషన్‌ను మాత్రం అది వెనక్కి తిప్పదు.

9. బ్యాకప్, దాని పునరుద్ధరణ

డేటాబేస్ నకలు తీసే పీజీడంప్‌ను క్రాన్‌జాబ్‌గా (షెడ్యూల్ ప్రకారం నడిచే జాబ్‌గా) రోజూ నడిపి, ఫలితాన్ని క్లస్టర్ బయటి ఆబ్జెక్ట్ స్టోరేజ్‌కు పంపండి. పీజీడంప్ వెర్షన్ సర్వర్ వెర్షన్ కన్నా పాతది కాకూడదు. సమయ మండలం పేర్కొనకపోతే షెడ్యూల్ కంట్రోలర్ గడియారం ప్రకారం నడుస్తుంది, అది సాధారణంగా యూటీసీ. తెల్లవారుజామున 2 గంటలకు అనుకున్నది మన గడియారంలో ఉదయం 7:30కి, అంటే జనం లాగిన్ అయ్యే వేళకు, నడుస్తుంది. కుబర్నెటీస్ 1.27 నుంచి స్థిరపడిన టైమ్‌జోన్ విభాగంలో ఆసియా/కోల్‌కతా అని రాయండి.

అప్పుడప్పుడు ఒక రోజు బ్యాకప్‌ను వేరే నేమ్‌స్పేస్‌లోని ఖాళీ పోస్ట్‌గ్రెస్‌లోకి పునరుద్ధరించి చూడండి. అక్కడ పట్టికల వరుసల సంఖ్యలను పోల్చి, అప్లికేషన్‌ను దానికి కలిపి తెలుగు పేరుతో ఒక పుస్తకాన్ని వెతకండి. పునరుద్ధరణకు పట్టిన సమయాన్ని రాసి పెట్టుకోండి, డిస్కు పోయిన రోజున మీరు చెప్పగలిగే అంచనా అదే. రోజుకొక బ్యాకప్ అంటే గరిష్ఠంగా ఒక రోజు నమోదులు పోయే అవకాశం ఉంటుంది. అంత నష్టాన్ని గ్రంథాలయం ఒప్పుకోలేదంటే వాల్ ఫైళ్లను (డేటాబేస్‌లో జరిగే మార్పుల లాగ్‌ను) ఎప్పటికప్పుడు భద్రపరిచే పీజీబ్యాక్‌రెస్ట్ వంటి సాధనానికి గానీ, మొదటి దశలో చెప్పిన ఆపరేటర్‌కు గానీ, నిర్వహణ సేవకు గానీ మారండి. డిస్కు నిండుతుంటే స్టోరేజ్‌క్లాస్ అనుమతించిన పక్షంలో వాల్యూమ్‌ను పెంచవచ్చు, తగ్గించడం మాత్రం వీలుకాదు కాబట్టి మొదట చిన్నగానే తీసుకోండి.